ఎవరినీ చావనివ్వని సేనాపతి

మగ్గాల పనికి వలసపోయి గోడాదరాలో ఉన్నప్పుడు, మా గదిలో ఉండే పెద్దబావ ఫోన్‌లో యుద్ధం ఆట ఆడేవాడు. అందులో చచ్చిన సైనికుడు మళ్లీ లేవడు. ఆ నియమం బావకు వర్తించదు కదా! సైనికులకు మా కార్ఖానా వాళ్ల పేర్లు పెట్టుకున్నాడు. ఆటను అడుగడుగునా సేవ్ చేసేవాడు. ఎవడైనా చస్తే, "గిది లెక్కల లేదు" అని పాత సేవ్ తెరిచేవాడు. మహా సేనాపతి!

ఒకనాడు మాతో పనిచేసే నర్సయ్య రెండు వేళ్లు మగ్గంలో పడి తెగిపోయాయి. కార్ఖానా యజమాని సేఠ్ అతన్ని పనిలోంచి తీసేశాడు. ఇదేంటని అడిగినందుకు బావనూ తీసేశాడు.

ఆ సాయంత్రం బావ ఒక సైనికుడికి సేఠ్ పేరు పెట్టి, శత్రువుల మధ్యకు ఒంటరిగా పంపాడు. ఆటలోని సేఠ్ వెంటనే చచ్చాడు.

"పాత సేవ్ తెరువవా, బావా?" అని అడిగాను.

"ఏంది తెరిచేది?" అని అక్కడే సేవ్ నొక్కాడు.

మర్నాడు దగ్గర్లోని కామ్‌రేజ్‌కు పని వెతుక్కుంటూ వెళ్లి, నర్సయ్యను తీసుకుంటేనే తానూ చేరతానన్నాడట, గొప్ప తెలివిమంతుడు. మూడు కార్ఖానాలు పొమ్మన్నాయి. నాలుగోది ఇద్దరినీ తీసుకుంది.