శాసనసభలో మా వదిన హాజరు

మా ఎమ్మెల్యే గొంతు గురించి మొఘల్‌పురాలో ఎవరికీ ఫిర్యాదు లేదు. మైకు లేకపోయినా పక్క గల్లీకి వినపడేది. ఆ గొంతుతో మా దవాఖాన గురించి ఒక్క మాట సభలో అడిగించడానికి మేము ఏడాదికి పైగా ఆయన చుట్టూ తిరిగాం. తీరా ఆయన అడగాల్సిన రోజు ఏం చేశాడో తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

సంగతి చాలా చిన్నది. మా గల్లీ చివర సర్కారు దవాఖాన ఉండేది. అందులో ఒక కాన్పుల గది, ఒక డాక్టరమ్మ. చుట్టుపక్కల హిందువుల ఇళ్ళలో, ముస్లింల ఇళ్ళలో, వెనక వీధి క్రైస్తవుల ఇళ్ళలో నెలలు నిండిన ఆడవాళ్ళందరికీ ఆమే దిక్కు. ఒక వేసవిలో ఆమెను తాత్కాలికంగా ఇంకో ఊరికి పంపారు. తాత్కాలికం అనే మాట సర్కారు నోట వచ్చిందంటే ఇక దాని మీద ఆశ వదులుకోవచ్చు. గదికి తాళం పడింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే మా వదినకు తొలి కాన్పు నొప్పులు వచ్చాయి. మా అన్న, నేను వెళ్ళి ఆ తలుపు బాదాం. పలికినవాళ్ళు లేరు. ఆటోలో నది ఒడ్డున ఉన్న పెద్దాసుపత్రికి బయలుదేరితే దారిలో ఊరేగింపు. చార్మినార్ దగ్గర ఆటో ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. ఆసుపత్రికి చేరాం గానీ బిడ్డ దక్కలేదు.

వదిన నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత మాట్లాడిన మొదటి మాట, "ఆ డాక్టరమ్మ ఎప్పుడొస్తదో అడుగుండ్రి" అని.

అడగడం నా వంతయింది. నేను పోస్టాఫీసులో కౌంటర్ మీద పనిచేసేదాన్ని. నలుగురితో మాట్లాడే ఉద్యోగం కాబట్టి ఇంట్లో ఎవరితో పోట్లాడాలన్నా నన్నే ముందుకు తోసేవారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి నేనూ కాదనేదాన్ని కాదు. ఆరోగ్యశాఖ ఆఫీసుకు పోతే పై ఆఫీసుకు పొమ్మన్నారు. పై ఆఫీసులో పెద్ద సారు సెలవు మీద ఉన్నారన్నారు. చివరికి ఎమ్మెల్యే ఇంటి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాను. పొద్దున ఆఫీసుకు పోతూ ఒకసారి, సాయంత్రం వస్తూ ఒకసారి. ఆయన భార్య నాకు చాయ్ పోసీ పోసీ విసిగిపోయింది. ఆమె పోరు పడలేకే ఆయన సభలో ప్రశ్న పంపాడని నా నమ్మకం.

అప్పటికి వదినకు మళ్ళీ ఏడో నెల. ప్రశ్న ఫలానా రోజు వస్తుందని కబురు అందగానే ఆమె పట్టు చీర బయటికి తీసింది.

"నువ్వెక్కడికి వదినా?" అన్నాను.

"సభకు. మన కేసు గద, మనం లేకుంటె ఎట్ల?"

ఇక్కడ వదిన పుట్టింటి సంగతి చెప్పాలి. వాళ్ళ నాన్న కోర్టులో చప్రాసీ. జడ్జి గది గుమ్మంలో నిలబడి పేరు పెట్టి "హాజిర్ హై?" అని మూడుసార్లు పిలవడమే ఆయన ఉద్యోగం. మూడోసారికి కూడా పలకకపోతే కేసు కొట్టేస్తారు. ధర్మం మన వైపే ఉండవచ్చు, వకీలు ఎంత గొప్పవాడైనా కావచ్చు, పిలిచినప్పుడు మనిషి అక్కడ ఉండాలి. మా వదినకు చిన్నప్పటి నుంచి తెలిసిన న్యాయశాస్త్రం అంతా అదే. సభకూ కోర్టుకూ తేడా ఉందని నేను ఎంత చెప్పినా వినలేదు.

పాసులు అడగడానికి పోతే ఎమ్మెల్యే నవ్వాడు. "మీకెందుకు చెల్లె శ్రమ? నేనున్న గద! మంత్రిని నిలబెట్టి కడిగేస్త. ఆ డాక్టరమ్మ జీతం మన దవాఖాన పేరు మీద తీసుకుంటది, పని ఇంకో కాడ చేస్తది. గీ ఒక్క ముక్క అడిగితె చాలు, మంత్రికి చెమటలు పడ్తయి."

ఆ ముక్క ఆయనకు చెప్పింది నేనే. అయినా ఆ మాట ఆయన నోట అంత ధీమాగా విన్నాక నాకు కూడా ఉత్సాహం వచ్చింది. పాసులు రాయించుకుని వచ్చాను.

ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టాను. వదిన చద్దన్నం పెరుగు కలిపి డబ్బాలో పెట్టింది, ఎండకు గొడుగు పట్టుకుంది. గేటు దగ్గర రెండూ తీసేసుకున్నారు. నా చేతి సంచి కూడా తీసుకున్నారు. లోపల పైన సందర్శకుల గ్యాలరీలో కాపలా ఉన్న ఆమె మాకు వరసగా నియమాలు చెప్పింది. మాట్లాడవద్దు, కాలు మీద కాలు వేయవద్దు, ముందున్న కడ్డీ మీద ఆనవద్దు, నవ్వవద్దు. కింద సభలో మాత్రం ఒకాయన కాళ్ళు బార్లా చాపి కునుకు తీస్తున్నాడు. ఇద్దరు వెనక్కి తిరిగి పెళ్ళి సంబంధం మాట్లాడుకుంటున్నంత తీరికగా మాట్లాడుకుంటున్నారు. ఏడో నెల మనిషి నడుము నొప్పితో కాస్త ముందుకు వంగితే ఆ కాపలా ఆమె వచ్చి వేలితో తట్టింది. సభ గౌరవం మొత్తం మా వదిన నడుము మీదే నిలబడి ఉన్నట్టుంది.

మొదటి ప్రశ్న ఎక్కడో చెరువు గురించి. మంత్రి లేచి చదివాడు. "(అ) అవునండి. (ఆ) లేదండి. (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు." చదివి కూర్చున్నాడు. ఏది అవును, ఏది లేదు, మాకు ఒక్కటీ అర్థం కాలేదు. రెండో ప్రశ్న రోడ్డు గురించి. దాని మీద ఒకాయన లేచి తన ఊరు ఎంత పాతదో చెప్పడం మొదలుపెట్టాడు. రోడ్డు దగ్గరికి ఎప్పటికీ రాలేదు.

"మనది ఎన్నోది?" అని వదిన నా చెవిలో అడిగింది.

"వస్తుంది. ఇంకో రెండు అయితే మనదే."

కింద మా ఎమ్మెల్యే ఇస్త్రీ ఖద్దరులో మెరిసిపోతున్నాడు. పైకి చూసి మమ్మల్ని గుర్తుపట్టి తల ఊపాడు కూడా. వదిన ముఖం విప్పారింది.

అప్పుడు ప్రతిపక్ష నాయకుడు ఏదో అనబోయాడు. ఆయన మైకు పలకలేదు. వేలితో కొట్టి చూశాడు. గుర్రుమన్నది, ఊరుకుంది. అక్కడితో మొదలైంది లొల్లి. కావాలనే మైకు ఆపించారని ఆ పక్క వాళ్ళు, అది వైరు తప్పని ఈ పక్క వాళ్ళు. క్షమాపణ చెప్పాలని వాళ్ళు, ఎవరు చెప్పాలని వీళ్ళు. ఒక ముసలి ఎలక్ట్రీషియన్ వచ్చి బల్ల కింద దూరి ఏదో తిప్పాడు. మైకు పలికింది. పలికాక కూడా లొల్లి ఆగలేదు. బాగైన ఆ మైకులోనే మైకు పనిచేయడం లేదని అరిచారు. నేను పోస్టాఫీసులో రోజంతా జనాన్ని చూసేదాన్ని. మనియార్డర్ రాలేదని ఏడ్చేవాళ్ళను చూశాను, స్టాంపు అంటుకోలేదని కొట్టుకోబోయిన వాళ్ళను చూశాను. ఇంత పనికిమాలిన తగువు మాత్రం చూడలేదు.

ఆఖరుకు నాయకుడు చేయి ఎత్తాడు. నిరసనగా సభ నుంచి బయటికి పోతున్నామన్నాడు. బిలబిలమంటూ ఆ పక్క వాళ్ళందరూ లేచారు. అందరికంటే ముందు లేచింది మా ఎమ్మెల్యే. ఆ గొంతు అప్పుడు విన్నాం. "సిగ్గు! సిగ్గు!" అంటూ చేయి ఊపుకుంటూ తలుపు దాకా పోయాడు, తలుపు దాటాడు. పైకి ఒక్కసారి కూడా చూడలేదు.

"ఏంది, యాడికి పోతున్నరు?" అంది వదిన.

నేను కడ్డీ మీదికి వంగి తలుపు వైపు చూశాను.

సభాపతి చాలా ప్రశాంతంగా తర్వాతి నంబరు పిలిచాడు. ఆ సభ్యుడు లేడు. తర్వాతిది పిలిచాడు. అది మాది. మొఘల్‌పురా దవాఖాన అనే మాట ఆ పెద్ద గదిలో వినపడింది. ఎవరూ లేవలేదు. సభాపతి కళ్ళజోడు మీదుగా ఖాళీ బెంచీల వైపు చూశాడు. "సభ్యులు లేరా?" అన్నాడు.

మా వదిన లేచి నిలబడింది. పట్టు చీర కొంగు నడుముకు చుట్టుకుని, కడ్డీ రెండు చేతులతో పట్టుకుని, వాళ్ళ నాన్న కోర్టు గుమ్మంలో పిలిచే గొంతుతో, "హాజర్! హాజర్ ఉన్నం సారూ! కొట్టెయ్యకుండ్రి!" అంది.

సభ మొత్తం తల పైకెత్తింది. కునుకు తీసే ఆయన కూడా లేచాడు. అంతసేపటి గొడవలో దొరకని నిశ్శబ్దం ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో వదిన ఇంకో మాట అనగలిగింది. "డాక్టరమ్మ లేదు సారూ, గదికి తాళం ఉన్నది." అంతలోనే కాపలా వాళ్ళు మా రెండు పక్కలకూ వచ్చారు. గర్భిణి అని ఆమె భుజం పట్టుకోవడానికి జంకి నా భుజం పట్టుకున్నారు. నేను ఏమీ అనకపోయినా నన్నే లాక్కుపోయారు, ఆమె నా వెనక దర్జాగా నడిచి వచ్చింది.

కింద ఒక గదిలో కూర్చోబెట్టి ఒక అధికారి చాలాసేపు మందలించాడు. గ్యాలరీలో మాట్లాడటం సభను అవమానించడమట. ఎవరు నేర్పి పంపారని అడిగాడు.

"మా నాయిన," అంది వదిన.

"ఏ పార్టీ?"

"కోర్టు."

ఆయన నుదురు రుద్దుకుని, ఆమె కడుపు వైపు చూసి, ఇక పొండి అన్నాడు.

వరండాలో మా ఎమ్మెల్యే పత్రికల వాళ్ళ మధ్య నిలబడి మైకు గురించి చెబుతున్నాడు. మమ్మల్ని చూసి గబగబా వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "చూసిన్రా చెల్లె, ఎట్ల లేసినమో? సర్కారు గడగడ వణికింది!"

"మన ప్రశ్న పిలిచారు. మీరు లేరు," అన్నాను. పళ్ళు బిగపట్టి అన్నానో, అరిచానో గుర్తు లేదు. పత్రికల వాళ్ళు ఇటు తిరిగారు.

"అరే, దానికేం ఫికర్? మనిషి లేకున్నా జవాబు పోదు, బల్ల మీద పెడ్తరు. ఇప్పుడే తెప్పిస్త." ఎవరినో పంపి కాగితం తెప్పించాడు. ఉత్సాహంగా చదవడం మొదలుపెట్టి చివరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు. సదరు దవాఖానలో లేడీ డాక్టర్ పోస్టు ఖాళీగా ఉన్నదా? లేదండి. ఎప్పటిలోగా నింపుతారు? ప్రశ్న ఉత్పన్నం కాదు.

అంటే, సర్కారు లెక్కలో మా గల్లీకి డాక్టరమ్మ ఉంది. జీతం తీసుకుంటోంది కదా, మరి ఉన్నట్టే. అడ్డు ప్రశ్న వేయాల్సిన మనిషి మైకు కోసం బయటికి పోయాడు కాబట్టి ఆ అబద్ధం అచ్చయి సభ రికార్డుల్లో కూర్చుంది. ఆ తర్వాత నేను ఏ ఆఫీసుకు పోయినా ఆ జవాబే నా ముందు పెట్టేవారు. "సభలోనే చెప్పారు కదమ్మా, ఉందని!" ప్రశ్న వేయకముందు మాకు డాక్టరమ్మ ఒక్కతే లేదు. ప్రశ్న వేశాక అడిగే దారి కూడా లేకుండా పోయింది.

గేటు దగ్గర డబ్బా, గొడుగు తిరిగి ఇచ్చారు. ఎదురుగా తోటలో కూర్చుని పెరుగన్నం తిన్నాం. నేను తిట్టినంత సేపూ వదిన తింటూనే ఉంది. చివరికి డబ్బా కడిగి మూత పెడుతూ, "పిలిచినప్పుడు పలికిన. నా తప్పు లేదు," అంది. ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది.

నెలలు నిండాక ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మా అన్న ముందే మాట్లాడి పెట్టుకున్న ఆటో వచ్చింది. వదిన ఎక్కింది గానీ గల్లీ చివర దవాఖాన ముందుకు రాగానే, "ఆపు భాయ్," అంది.

"వదినా, ఇప్పుడా?" అన్నాను.

వినలేదు. దిగి, నా భుజం మీద బరువు వేసి, తాళం వేసిన గది వైపు తిరిగి నిలబడింది. "డాక్టరమ్మా! హాజిర్ హై?" అని పిలిచింది. ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. రెండోసారి పిలిచింది. బురఖాల్లో, చీరల్లో ఆడవాళ్ళు గల్లీలోకి వచ్చారు. మూడోసారి పిలుస్తుంటే నొప్పి వచ్చి మాట మధ్యలో ఆగింది. పంటి బిగువున ఓర్చుకుని పూర్తి చేసింది.

పక్క కిటికీలోంచి దవాఖాన కాంపౌండర్ తల బయటికి పెట్టాడు. "డాక్టరమ్మ యాడుందమ్మా? లేదని నీకు తెల్వదా?"

"నాకు తెల్సన్నా. ఒక్కసారి గట్టిగ చెప్పు. నలుగురు వినాలె."

అతను గల్లీ నిండా ఉన్న జనాన్ని చూశాడు. తర్వాత గొంతెత్తి, "లేదు! ఇక్కడ డాక్టరమ్మ లేదు!" అన్నాడు.

"గింతే," అంది వదిన. "గా సభల గింత మాట చెప్పెటోడు ఒక్కడు లేకపాయె."

నా చేయి పట్టుకుని ఆటో ఎక్కింది. ఆ రోజు దారిలో ఊరేగింపులు లేవు. దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి వరండా చివరన కూర్చున్న నాకు కూడా వినపడేలా ఏడ్చింది.