బాల్ మిల్లు ఆల్బమ్

మా బ్యాండ్ చేసిన ఒకే ఒక్క ఆల్బమ్ సీడీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. దాన్ని మళ్లీ వినలేదు, వినను కూడా. "అప్పట్లో మీరేవో రాక్ పాటలు చేశారట కదా" అని ఎవరైనా అడిగితే మాట మారుస్తాను.

రెండువేల దశకం మొదట్లో, పాల్వంచలో, మేం ముగ్గురం. నాది గిటారు. మైకుసెట్లు కిరాయికిచ్చే దుకాణం వాళ్లబ్బాయిది కంప్యూటరు, కీబోర్డు. మూడోవాడు పాడేవాడు. వాడి నాయన భద్రాచలం రోడ్డు మీద ఒక చిన్న రాతిపొడి మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. హైదరాబాద్ కోఠీలో పాత సీడీల కుప్పలో దొరికిన ఒక విదేశీ ఆల్బమ్ మా ముగ్గురినీ చెడగొట్టింది. గిటార్ల మధ్య యంత్రాల చప్పుడు, వాటి మీద ఒక మనిషి అరుపు. దాన్ని ఇండస్ట్రియల్ రాక్ అంటారని తర్వాత తెలిసింది.

"గీ మాత్రం మోత మన దగ్గర లేదా?" అన్నాడు పాడేవాడు.

లేకేం. ఆ మిల్లులో బాల్ మిల్లు ఉండేది. పెద్ద ఇనుప డ్రమ్ము, లోపల ఇనుప గుండ్లు. రాళ్లు పోసి తిప్పుతుంటే పిండి అవుతాయి. ఆ షెడ్డులో పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు కాబట్టి మాటలన్నీ చేతులతోనే. పిడికిలి గాల్లో తిప్పితే నడపమని. రెండు చేతులు తల మీద అడ్డంగా పెడితే ఆపమని. ఆ రెండో సైగ ఎవరు చేసినా సరే, స్విచ్చు దగ్గరున్నవాడు ఎందుకని అడక్కుండా కరెంటు తీసేయాలి. అడిగేలోపు ఎవరి చెయ్యో పోతుంది.

ఆ షెడ్డులోనే మా పాడేవాడి నాయన చెవులు పోయాయి. ఇంట్లో కూడా అన్నం, నీళ్లు అన్నీ సైగలే. వాళ్ల కాలనీవాళ్లకు ఇదొక వేళాకోళం. "నీకేందన్నా, అదృష్టమంతునివి. వదిన తిట్లు ఇనబడయ్, టీవీ లొల్లి ఇనబడది" అని ఆయన మొహం మీదే అనేవాళ్లు. ఏదో పరాచికమని పోల్చుకుని ఆయనా నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. కానీ ఆయన నిశ్శబ్దంలో బతుకుతున్నాడనే నేనూ అనుకున్నాను, అందరిలాగే.

కొడుకు బెంగ వేరు. "మా నాయిన నా పాట ఒక్కటి గూడ ఇనలే" అన్నాడొక రోజు. "గా మిల్లు మోతైతె ఆయన ఒంటికి ఎరుక. గా మోతల్నే పాట కడితె తప్పకుండ ఇంటడు."

ఆ ఆశ మీదే ఆల్బమ్ మొత్తం నడిచింది. మిల్లుకు వెళ్లి బాల్ మిల్లు చప్పుడు రికార్డు చేసుకొచ్చాం. మైకుసెట్ల దుకాణం వెనక గదికి గోనెసంచులు కొట్టి దాన్నే స్టూడియో అన్నాం. ఎలక్షన్ ప్రచారాలు రికార్డు చేసే మైకులోనే వాడు గొంతు చించుకుని పాడాడు.

మా ఊళ్లో సీడీలు అమ్మిపెడతానన్న షాపాయన కొద్ది రోజులకే కట్టకు కట్ట తిరిగిచ్చాడు. "ఖరాబ్ సీడీలని వాపస్ ఇస్తుండ్రు భయ్యా. పాట యాడ మొదలైతదని అడుగుతుండ్రు." హైదరాబాద్‌లో ఒక ఇంగ్లిషు పత్రిక మాత్రం మెచ్చుకుంటూ నాలుగు ముక్కలు రాసింది. ఆ పేజీ చింపి జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాం. సిగ్గులేని సంబరం.

తర్వాత ఒక ఆదివారం పొద్దున కాలనీ క్లబ్బు హాల్లో ప్రోగ్రాం పెట్టాం. దుకాణంలో ఉన్న పెద్ద స్పీకర్ బాక్సులన్నీ తెచ్చాం. మావాడు తన నాయనను ముందు వరుసలో, బాక్సు పక్కనే కూర్చోబెట్టాడు. మిల్లులో ఆయనతో చేసినవాళ్లూ వచ్చారు.

మొదటి పాటకు ఆయన అరచెయ్యి తీసి బాక్సు మీద ఆనించాడు. ఆయన మొహం మారిపోయింది. కొడుకు అది చూసి పాట మధ్యలోనే, "ఇంటుండు! మా నాయిన ఇంటుండు!" అని మైకులో అరిచాడు. నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండో పాటలో బాల్ మిల్లు చప్పుడు పూర్తిగా వదిలాం. ఆయన లేచి మా వైపు తిరిగి, రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాడు.

వెనక స్విచ్చుబోర్డు పక్కన ఆ మిల్లులోనే ఆయన కింద పనిచేసిన ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎందుకని అడగలేదు. మెయిన్ తీసేశాడు. పాటతో పాటు ఫ్యాన్లు కూడా ఆగాయి.

కొడుకు కంగారుగా స్టేజీ దిగి వచ్చి, ఆయన చెయ్యి మళ్లీ బాక్సు మీద పెట్టి, ఆగిపోయిందని చూపించాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. తన గొంతు తనకు వినబడని మనిషి కదా, హాలంతా అదిరేట్టు అన్నాడు:

"పెట్టెల ఆగిందిరా. నా తలకాయల ఆగలే. మిల్లు ఇడిసినా ఆగలే. పండుకున్నా గిదే మోత. ఎవ్వలకు జెప్పినా తెల్వదనుకున్న. నువ్వు పట్టుకున్నవ్ గద బిడ్డా. పట్టుకున్నోనివి, ఇగ బంద్ గూడ చెయ్."

అని మళ్లీ రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టుకుని, కొడుకు కేసే చూస్తూ నిలబడ్డాడు.