మరిదికి దక్కని చోటు

న్యూజెర్సీలోని పిస్కాటవేలో నేను అద్దెకున్న ఇంటి కింది భాగంలో ఇంటావిడ ఉండేది. గ్రీకు ఆవిడ, డెబ్బై దాటాయి. నేను ఆంటీ అనేదాన్ని. ఆవిడ ఎవరినీ క్షమించదు. అందుకే నాకు ఇష్టం.

కొత్త పెళ్లికూతురిగా భర్తతో అమెరికా వచ్చింది. ఇద్దరూ హోటల్ వంటగదుల్లో నడుములు విరిగేలా పనిచేశారు. రిటైరయ్యాక, చస్తే గ్రీసులో మన ద్వీపంలోనే చావాలని భర్త పట్టుబడితే అన్నీ సర్దుకుని వెనక్కి వెళ్లారు. అక్కడ వాళ్ల ఇంట్లో మరిది కాపురం పెట్టేశాడు. గుమ్మం దాటనివ్వలేదు. వీధంతా వినేలా "అమెరికావాళ్లు చుట్టపుచూపుగా వచ్చారు" అని నవ్వాడట. భర్త దిగులుతో మంచం పట్టి పోయాడు. శవాన్ని వాళ్ల తండ్రి సమాధి పక్కన పెట్టడానికి కూడా మరిది ఒప్పుకోలేదు.

"ఊరొదిలి పోయినవాడికి ఇక్కడ చోటేమిటి?" అన్నాడు.

పక్క ఊళ్లో పాతిపెట్టారు. కొన్నేళ్లకు ఎముకలు పైకి తీయడం అక్కడి ఆచారం. ఆంటీ వాటిని వైన్‌తో కడిగి, పెట్టెలో పెట్టుకుని న్యూజెర్సీ తిరిగొచ్చింది. వాటిని పాతిపెట్టడానికి ఇక్కడి శ్మశానంలో కాస్త పెద్ద చోటే తీసుకుంది.

తర్వాత ఆ దేశంలో ఉద్యోగాలు పోయాయి. మరిది కూతురు ఇక్కడికి వచ్చి, తండ్రినీ తెచ్చుకుంది. ఒక ఆదివారం ఆ ముసలాయన చేతికర్రతో మా గుమ్మంలోకి వచ్చాడు. ఆంటీ కాఫీ ఇచ్చింది. అతను గ్రీకులో ఏదో అనగానే, అతన్ని ఆపి, నావైపు తిరిగి ఇంగ్లిష్‌లో చెప్పేది. ప్రతి మాటకీ అంతే. నా ముందు అడుక్కున్నట్టుండాలని.

"జబ్బు చేసిందట. చచ్చాక ఈ దేశంలో ఒంటరిగా పడుకోలేడట. వాళ్లన్న పక్కన ప్లేస్ కావాలట."

"మీరేమంటారు ఆంటీ?"

"ఊరొదిలి వచ్చినవాడికి చోటేమిటి?" అని, అదే మాట గ్రీకులో అతనికి చెప్పింది.

అతను ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. నాన్న పోయినప్పుడు నేను పరిగెత్తుకుని వెళ్తే, మా బాబాయి నన్ను చితి దగ్గరికి రానివ్వలేదు. "అమెరికా మనిషివి, దూరం నుంచి చూసి పో" అన్నాడు. ఆ ముసలాయన కన్నీళ్లలో నేను మా బాబాయినే చూసుకున్నాను. కడుపు చల్లబడింది.

చలికాలంలో అతను పోయాడు. కూతురు ఫోన్ చేసినా ఆంటీ వెళ్లలేదు. నన్ను డ్రైవ్ చేయమని, భర్త సమాధి దగ్గరికి వెళ్లి చాలాసేపు ఏదో చెప్పి వచ్చింది.

"మనసు కుదుటపడిందా ఆంటీ?" అన్నాను కార్‌లో.

"లేదు. వాడు ఇంకా బతికుండాల్సింది. రోజూ వచ్చి అడగాల్సింది," అంది సీట్‌బెల్ట్ పెట్టుకుంటూ.