మేడం ప్రెస్సులో చివరి మొక్క

మా బోటనీ మేడం పోయిన మంగళవారం నిద్రలోనే కన్నుమూశారు. మెదక్‌లో ఆమె ఇంటికి నాలుగు సందుల దూరంలో ఉన్న నాకు ఆ కబురు హైదరాబాద్ నుంచి వచ్చింది. "అన్నా, మేడం లేరట" అని మా కాలేజీలోనే చదివిన టేక్మాల్ ఊరి అమ్మాయి ఫోన్‌లో ఏడ్చింది. నాకు ఏడుపు కంటే ముందు వచ్చిన ఆలోచన చెబితే మీరు తిట్టుకుంటారు. ఇది కూడా ఈ అమ్మాయికే ముందు తెలియాలా?

డిగ్రీలో మేమిద్దరం మేడం శిష్యులమే. నేను ఇక్కడే జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా ఉండిపోయాను. ఆ అమ్మాయి హైదరాబాద్‌లో వరి మీద పనిచేసే సైంటిస్టు అయింది. రోజూ సాయంత్రం మేడం ఇంటికి వెళ్లేది నేను. అక్కడ నేను వినేది ఆ అమ్మాయి ముచ్చట్లు.

నేను వెళ్లేది మేడం మొక్కల ప్రెస్సు కోసం. రెండు చెక్క పలకలు, మధ్యలో పాత పేపర్లు, చుట్టూ రెండు బెల్టులు. పేపర్ల మధ్య మొక్కను పరిచి బిగిస్తే అది మెల్లగా ఆరుతుంది. తడిసిన పేపర్లను రోజూ మార్చాలి. కీళ్లనొప్పులు వచ్చాక బెల్టులు విప్పడం మేడంకు చేతకాలేదు. "ఒక్కరోజు మరిచినా మొక్క మాఫ్ చెయ్యదు బిడ్డా" అనేవారు. రిటైరై ఇన్నేళ్లయినా ఆమెకు ప్రతి గడ్డిపోచా కొత్తే.

ఒకసారి ఆ అమ్మాయి చేసే జీన్ ఎడిటింగ్ అంటే ఏమిటని నన్నడిగారు. సరిగ్గా తెలియకపోయినా, వేరే మొక్క జీన్ తెచ్చి వరిలో పెడతారని దర్జాగా చెప్పేశాను. వారం తర్వాత మేడం నన్ను పట్టుకున్నారు.

"ఏందిరా గట్ల చెప్పినవ్? ఆ పిల్ల చేసేది గది కాదట. వరిల ఉన్న జీన్‌లనే ఒక్క అక్షరం దిద్దుతరట. నీ రికార్డు బుక్కు నేను దిద్దలేదా, గట్లనే."

ఎనభై ఏళ్ల వయసులో, భూతద్దం పట్టుకుని, ఆ అమ్మాయి పంపిన కాగితాలన్నీ చదివారట. నాకు ఒళ్లు మండింది. నా కోసం ఆమె ఎప్పుడైనా ఏదైనా కొత్తగా నేర్చుకున్నారా?

ఈ మధ్య హవేలిఘనపూర్ పొలాల్లో నాకో మీసాల వరి దొరికింది. గింజలకు పొడుగాటి ఎర్ర మీసాలుంటాయి, ముట్టుకుంటే గింజలు రాలిపోతాయి. రైతులు కలుపని పీకి గట్టు మీద పడేస్తారు. నేను వేరుతో సహా కడిగి మేడంకు తెచ్చాను. ఆమె మొహం వెలిగిపోయింది. అంతలోనే, "మస్తుగున్నదిరా! గిసొంటి అడివి వరిలనే ఎండకు తట్టుకునే గుణాలుంటయట. గింజలు ఆ పిల్లకు పంపుదాం" అన్నారు.

నేను తెచ్చింది కూడా ఆ అమ్మాయికేనా? మొక్కను ప్రెస్సులో బిగించి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు. మేడం రెండుసార్లు ఫోన్ చేశారు. "పరీక్షల పని మేడం, రేపొస్త" అన్నాను. పరీక్షలేమీ లేవు. "సరే బిడ్డా, నీ పని చూసుకొని రా" అన్నారు. అట్లా పది రోజులు గడిచాయి.

సమాధుల తోటలో మట్టి వేశాక ఆ అమ్మాయి నా పక్కకు వచ్చి నిలబడింది. "ఒక్క మాట చెప్తే ఏమనుకోవు గదా అన్నా? నిన్ను చూస్తే నాకు కడుపు మండేది. ఎప్పుడు ఫోన్ చేసినా నీ ముచ్చటే. వాడు రోజూ వస్తడు, వాడు వస్తడు అని. గా సాయంత్రాలు నాకెన్నడు దొరకలే."

ఆ పది రోజుల సంగతి ఆమెకు చెప్పలేకపోయాను.

మేడం కొడుకు ప్రెస్సు నాకిచ్చాడు. ఇంటికి తెచ్చి బెల్టులు విప్పాను. పేపర్లు అట్టకట్టుకుపోయాయి. మీసాల వరి నల్లబడి, బూజు పట్టి, వేలు తగిలితే చితికిపోయింది. పైపలక సందులో మాత్రం ఒక కాగితం పొట్లం పొడిగా ఉంది. నేను మొక్కను బిగించేటప్పుడు రాలిన గింజలను మేడం ఏరి దాచినట్టున్నారు. దాని మీద ఆ వంగని వేళ్లతో వంకర టింకరగా ఆ అమ్మాయి ల్యాబు చిరునామా రాశారు. కింద, పంపినవారు అన్న చోట నా పేరు రాశారు.

ఆ పొట్లం నా బల్ల మీద ఉంది. రేపు పోస్టు చేయాలి. నిన్న కూడా ఇదే అనుకున్నాను.