వఫ్రా రోడ్డు మీద వడగళ్లు

నా చిన్నప్పుడు నాకు చేతకాని పని ఒకటుండేది, ఊరికే కూర్చోవడం. బడిలో బెంచీ మీదయినా, ఇంట్లో అన్నం కంచం ముందయినా, కారు వెనక సీటులోనయినా కాళ్లు ఆడిస్తూనే ఉండేదాన్ని. కువైట్‌లో, హవల్లీ అనే పేటలో మేం మూడో అంతస్తులో ఉండేవాళ్లం. కింది ఫ్లాటు వాళ్లు నా అడుగుల చప్పుడు భరించలేక చీపురు కర్రతో పైకప్పును పొడిచేవాళ్లు. అమ్మ తిట్టీ తిట్టీ అలిసిపోయి, చివరికి తనే నవ్వేసేది.

నేను చెప్పబోయే రోజుకు నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి నాలుగు నెలలు. వాడు పుట్టగానే అమ్మకు జబ్బు చేసి పాలు పడలేదు. డబ్బా పాలే వాడికి ఆధారం. పైగా ఆ చలికాలం వాడికి కఫం పట్టి రెండుసార్లు ఆసుపత్రికి తిప్పారు. కాచిన నీళ్లు గోరువెచ్చగా ఉన్నప్పుడే పాలు కలపాలని, చల్లనీళ్లు వద్దే వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకే ఎక్కడికి బయల్దేరినా మా వెంట వేడినీళ్ల ఫ్లాస్కు రావలసిందే.

ఆ రోజు మాతో కారులో రాజంపేట పెద్దమ్మ ఉంది. ఆవిడ మాకు చుట్టం కాదు. అమ్మ పుట్టింటికి దగ్గరి ఊరి మనిషి, అంతే. సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. ఆవిడ భర్త, మేం పెద్దనాన్న అని పిలిచే మనిషి, వఫ్రాలో కీరకాయలు, టమాటాలు పండించే తోటలో పనివాడు. మొగుడూ పెళ్లాం ఒకే దేశంలో, గంటన్నర దూరంలో ఉన్నారు. కానీ ఆవిడకు నెలకు ఒక్క శుక్రవారమే సెలవు. వఫ్రాకు బస్సులు అంతంతమాత్రం. నాన్నకు పాత తెల్ల కారొకటి ఉండేది. రెండు నెలలకోసారి ఆవిడను అందులో తీసుకెళ్లి, సాయంత్రానికి మళ్లీ పని ఇంటి దగ్గర దింపేవాడు.

తమ్ముణ్ణి పెద్దనాన్నకు చూపించాలని ఆ శుక్రవారం మేమందరం వెళ్లాం. ఆయన వాణ్ణి ఎత్తుకోవడానికి భయపడి, చేతులు మూడుసార్లు కడుక్కుని, చివరికి ఒడిలో పెట్టించుకున్నాడు. పెద్దమ్మ పని ఇంట్లో వండి తెచ్చిన చిత్రాన్నం ఆయన తింటుంటే పక్కనే కూర్చుని చూస్తూ ఉండిపోయింది. నాకు మాత్రం ఎప్పుడు బయల్దేరతామా అని ఉంది. ఆ సాయంత్రం అయిదింటికి సాల్మియాలోని ఒక మాల్‌లో నా క్లాసు అమ్మాయి పుట్టినరోజు. ఐస్ మీద జారే ఆట ఉంటుందని నెల రోజులుగా ఊరిస్తోంది. కొత్త గౌను సంచీలో మడతపెట్టి తెచ్చుకున్నాను, దారిలోనే మార్చుకోవచ్చని.

రెండు దాటాక బయల్దేరాం. పెద్దనాన్న స్టవ్ మీద నీళ్లు మరగబెట్టి మా ఫ్లాస్కు నింపి ఇచ్చాడు. పెద్దమ్మ ఆరింటికల్లా పని ఇంట్లో ఉండాలి. ఆ రాత్రి వాళ్ల మామా ఇంటికి విందుకు జనం వస్తున్నారట. అక్కడ ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తారు. ఆరింటి సంగతి పెద్దమ్మ నాన్నతో రెండుసార్లు చెప్పింది. నేను అయిదింటి సంగతి పదిసార్లు చెప్పి ఉంటాను.

అరగంట ప్రయాణం తర్వాత ఆకాశం ఇటుకపొడి రంగుకు తిరిగింది. గాలి లేచి ఇసుక కారు అద్దాలను గీరింది. వెంటనే వాన. ఆ వాన కూడా కాసేపే వానలా ఉంది. ఎవరో గుప్పిళ్లతో గులకరాళ్లు విసిరినట్టు కారు పైకప్పు మీద టపటపా మొదలయింది. నాన్న బండి పక్కకు తీశాడు. వడగళ్లు. నేను పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదటిసారి. పావుగంట పడ్డాయేమో, ఆగేసరికి రోడ్డుకు రెండు వైపులా ఎడారి తెల్లగా ఉంది. టీవీలో చూసే మంచుదేశం మా కారు చుట్టూ వచ్చి కూర్చుంది.

కానీ ముందు బండ్లు కదలలేదు. రోడ్డు పల్లంలోకి దిగే చోట నీళ్లు నిలిచి రెండు కార్లు ఆగిపోయాయని, పోలీసులు దారి మూశారని ఎవరో వచ్చి చెప్పారు. వెనక్కు తిరుగుదామంటే వెనకా బండ్లే. మూడయింది, మూడున్నరయింది. నాన్న దిగి ముందుకు నడిచి వెళ్లి, తడిసి వచ్చి, మళ్లీ వెళ్లాడు. తమ్ముడు నిద్రపోతున్నాడు. వాణ్ణి పొత్తిళ్లలో చుట్టుకుని అమ్మ ముందు సీటులో కునుకు తీస్తోంది. పెద్దమ్మ నా పక్కన కళ్లు మూసుకుని కూర్చుంది. నేను గడియారం చూసి, కిటికీలోంచి చూసి, మళ్లీ గడియారం చూశాను. ముందు సీటును కాలితో తన్ని అమ్మ చేత చీవాట్లు తిన్నాను. కారు దిగి రెండు వడగళ్లు ఏరుకొచ్చాను. అరచేతిలోనే కరిగిపోయాయి. మళ్లీ ఏరుకొచ్చాను, మళ్లీ కరిగాయి.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఫ్లాస్కులో వేడి వేడిగానే ఉంటుంది, చల్లన చల్లగానే ఉంటుంది అని నాన్న ఎప్పుడో చెప్పాడు. పార్టీకి వడగళ్లు పట్టుకెళితే? అక్కడ అందరూ నా చుట్టూ మూగరూ? ఆ నీళ్లు ఎవరివో నాకు తెలియక కాదు. తెలుసు. ఇంకాసేపట్లో ఇంటికి చేరిపోతాంలే అనుకున్నాను. చప్పుడు కాకుండా తలుపు తీసి, కొంచెం పారబోద్దామని వంచి, చివరికి మొత్తం పారబోసేశాను. వేడినీళ్లు పడిన చోట తెల్లటి నేల మీద గుంత పడి ఆవిరి లేచింది. వడగళ్లు నింపి మూత బిగించి ఫ్లాస్కును దాని చోట పెట్టేశాను.

నాలుగు కాకముందే తమ్ముడు లేచాడు. వాడి ఏడుపు మొదట సన్నగా, తర్వాత గొంతు పూడుకుపోయేలా సాగింది. ఏడ్చిన ప్రతిసారీ దగ్గు వచ్చి ముఖం ఎర్రగా కందిపోతోంది. అమ్మ పాలసీసాలో పొడి వేసి, నీళ్లిమ్మని చెయ్యి వెనక్కు చాపింది. నేను కదల్లేదు. పెద్దమ్మే ఫ్లాస్కు అందుకుని మూత తిప్పింది. లోపలికి చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నాకు బాగుండేది.

మూత మళ్లీ బిగించి, అమ్మతో, “నీళ్లు చల్లగైనాయి మ్మే. అదో, ఆడ టెంట్లు ఉండాయి. పాపను తోడు తీసుకుని పొయ్యి తెస్తా,” అంది.

చలికాలంలో కువైటీలు ఎడారిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి ఉంటారు. రోడ్డుకు దూరంగా అలాంటివి నాలుగయిదు కనిపిస్తున్నాయి. మేం దిగి నడిచాం. తడిసిన ఇసుకలో కాళ్లు దిగబడుతున్నాయి. వెనక నుంచి తమ్ముడి ఏడుపు చాలా దూరం వినిపించింది. పెద్దమ్మ తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. కొంత దూరం పోయాక ఫ్లాస్కు నా చేతికిచ్చి, ఖాళీ చెయ్యమంది. పార్టీ కోసం ఏరుకున్నవన్నీ నా చేత్తోనే ఇసుకలో గుమ్మరించాను.

ఉండబట్టలేక అడిగాను, అమ్మకు చెప్తావా అని.

“అది నీ మాట. నేనెందుకు చెప్తా?” అంది నడక ఆపకుండా. “ముందు వాని కడుపు నిండనీ.”

గుడారాల దగ్గర మగవాళ్లు పారలతో కాలువలు తీసి నీళ్లు మళ్లిస్తున్నారు. పెద్ద గుడారం గుమ్మంలో ఒక ముసలావిడ బొగ్గుల కుంపటి ముందు కూర్చుని ఉంది. కుంపటి మీద నల్లటి కెటిల్. పెద్దమ్మ ఆగి నన్ను ముందుకు తోసింది. అరబ్బీ నాకంటే ఆవిడకే బాగా వచ్చు. అయినా నోరు విప్పలేదు. బడిలో నేర్చిన నాలుగు ముక్కలూ కూడగట్టుకుని, “మాయ్ హార్,” అన్నాను. వేడినీళ్లు అని. రోడ్డు వైపు చూపించి, చేతులతో పసిపిల్లను ఊపినట్టు ఊపి చూపించాను.

ముసలావిడ ఫ్లాస్కు తీసుకుని ఏదో అడిగింది. పెద్దమ్మ నావైపు వంగింది. “పసిబిడ్డను పెట్టుకుని నీళ్లు లేకుండా ఎట్ల వచ్చినారు అంటాంది. ఏం చెప్పమంటావు?”

వాన వల్ల ఒలికిపోయాయని చెప్పొచ్చు. దారిలో అయిపోయాయని చెప్పొచ్చు. పెద్దమ్మ ఏది చెప్పమంటే అది చెప్పేలాగే నిలబడి ఉంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనే పారబోశానని చెప్పమన్నాను. ఎందుకో కూడా చెప్పమన్నాను.

ఆవిడ చెప్పింది. ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, ఉన్నట్టుండి పగలబడి నవ్వింది. గుడారం లోపలికి వేలు చూపిస్తూ ఏదో అంది. వాళ్ల మనవరాలు పొద్దున ఆరేసిన దుప్పట్లు తీసి, వాటి నిండా వడగళ్లు మూట కట్టిందట. ఫ్లాస్కు నిండా నీళ్లు పోసి, గుడ్డతో తుడిచి నా చేతికే ఇచ్చింది.

తిరిగి వస్తుండగా పెద్దమ్మ ఫోన్ మోగింది. సాల్మియా మామా. అవతలి గొంతు నాకు కూడా వినిపించేంత పెద్దగా ఉంది. పెద్దమ్మ నడక ఆపి, తల వంచుకుని, “ఐవా మామా. మతర్ వాజిద్. సయ్యారా మాఫీ రూహ్,” అంటూ అదే మాట మళ్లీ మళ్లీ చెప్పింది. అవును మామా, వాన ఎక్కువగా ఉంది, బండి కదలడం లేదు అని. అవతల ఫోన్ పెట్టేసినా ఇంకా చెవికే ఆనించుకుని నిలబడింది. ఇందాక కారులో కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు ఆవిడ నిద్రపోలేదని నాకప్పుడు అర్థమయింది. నేను నా అయిదింటి కోసం సీటు తన్నుతున్నంతసేపూ ఆవిడ తన ఆరింటిని ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

తమ్ముడు పాలన్నీ తాగేశాడు. ఏడుపు ఆగి ఎక్కిళ్లు మిగిలాయి. అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. పెద్దమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆవిడ చెప్పదని నాకు తెలుసు. నేను చెప్పకపోయినా జరిగిపోయేదే. అయినా ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. చెప్పేశాను. అమ్మ వెనక్కు తిరిగి చెయ్యెత్తింది.

“కొట్టొద్దు మ్మే,” అంది పెద్దమ్మ. “ఆడికి పొయ్యి అడిగింది ఆ పాపే. దాచకుండా చెప్పింది ఆ పాపే.”

అమ్మ చెయ్యి దించింది.

చీకటి పడ్డాక దారి తెరిచారు. సాల్మియా చేరేసరికి ఏడున్నర దాటింది. ఆ మాల్ దీపాల ముందు నుంచే వెళ్లాం. నేను అటు చూడలేదు. పెద్దమ్మ పని ఇంటి ముందు నాన్న కారు ఆపాడు. వాకిట్లో అప్పటికే బోలెడు కార్లు ఉన్నాయి. ఆవిడ దిగి, తలగుడ్డ సవరించుకుని, తన పొడవాటి గౌను అంచుకు ఎండిన బురద దులుపుకుంది. నాకు కారు దిగాలనిపించింది. ఆవిడతో పాటు ఆ తలుపు దాకా వెళ్లి, దారి మూసేశారని, ఈవిడ తప్పు లేదని ఆ మామాకు చెప్పాలనిపించింది. నాన్న వద్దన్నాడు. మనం వెళితే ఆమెకే ఇంకా కష్టమన్నాడు. నిజమే కావచ్చు. పెద్దమ్మ మా వైపు చెయ్యి ఊపి, గేటు దాటి, పక్కనున్న వంటింటి తలుపు వైపు ఒక్కతే నడిచి వెళ్లింది.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆవిడకు శుక్రవారం సెలవు ఇవ్వలేదని అమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను. పెద్దనాన్నకు ఇవ్వమని ఆవిడ పంపిన అన్నం డబ్బాలు నాన్నే తీసుకెళ్లి ఇచ్చి వచ్చేవాడు. ఆ తర్వాత మమ్మల్ని ఎప్పుడు కలిసినా ఆవిడ ఆ రోజు ఊసే ఎత్తలేదు. తమ్ముణ్ణి ఎత్తుకుని, బరువు పెరిగాడని మురిసిపోయేది.

ఇప్పుడు నేను కువైట్‌లోనే బడిలో పాఠాలు చెబుతున్నాను. తలలో నెరిసిన వెంట్రుకలు కనిపిస్తున్నాయి. ఊరికే కూర్చోవడం ఇప్పటికీ రాలేదు. పిల్లలు ఏదో ఒకటి పగలగొడతారు, పోగొడతారు, దాస్తారు. ప్రిన్సిపాల్ గదికి రమ్మని కబురొస్తే క్లాసు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. ఏ పాఠం మధ్యలో ఉన్నా సుద్ద కింద పెట్టి, ఆ పిల్లతో పాటు నేనూ నడుస్తాను. వాళ్ల తరఫున నేనేమీ చెప్పను. పక్కన నిలబడతాను, అంతే. నాతో గుడారం దాకా నడిచిన మనిషి ఆ వంటింటి తలుపు దాకా ఒంటరిగా వెళ్లింది. అప్పుడు నేను కారు దిగలేదు.