సాగిన రీలు

తొంభైల నాటి ఆల్టర్నేటివ్ రాక్ సంగీతం గురించి నా ముందు ఎవరైనా నోరెత్తితే పాఠం చెప్పకుండా ఊరుకోను. పాతికేళ్లుగా ఇదే జబ్బు. ఫిల్మ్‌నగర్‌లో సౌండ్ ఇంజనీర్‌ని. మొన్నామధ్య ఒక దర్శకుడు మా స్టూడియోకి వచ్చి, విరహగీతానికి ఆ కాలపు రిఫరెన్స్ కావాలన్నాడు. ఇక్కడ ఏ కొత్త పాటైనా ఇంకో పాటను వినిపిస్తేనే మొదలవుతుంది. వెంటనే బండి మీద యూసుఫ్‌గూడలోని ఇంటికి వెళ్లి, కాలేజీ రోజుల్లో అరగదీసిన క్యాసెట్ తెచ్చి పెట్టాను.

మూడో పాట మధ్యలో గాయకుడి గొంతు బావిలోకి దిగిపోతున్నట్టు బరువెక్కింది. "విన్నారా? ఆ తరం నిరాశంతా ఇక్కడే ఉందండీ," అని ఉపన్యాసం దంచాను. దర్శకుడి కళ్లు చెమర్చాయి. ఆయన అసిస్టెంట్ అమ్మాయి అదే పాటను ఫోన్‌లో పెట్టింది. అందులో ఆ గాయకుడు ఏ నిరాశా లేకుండా హుషారుగా పాడుకుంటూ పోయాడు.

తలుపు దగ్గర నిలబడ్డ దర్శకుడి డ్రైవర్ అన్నాడు: "రీలు సాగింది సార్. నా పాత జీపుల క్యాసెట్లు గిట్లనే అయితుండె."

నా పాతికేళ్ల పాండిత్యం గంగలో కలిసింది. "నాకు మాత్రం ఆ బాధే కావాలండీ," అన్నాడు దర్శకుడు. ఆ విరహగీతాన్ని ఆయన పిలిపించిన గాయని చక్కగా పాడి వెళ్లిపోయింది. ఆ గొంతును చెడగొట్టడానికి మూడు రోజులు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఎంత చెడగొట్టినా దర్శకుడికి నమ్మకం కుదరలేదు. చివరికి డ్రైవర్‌ను లోపలికి పిలిచి నా కుర్చీలో కూర్చోబెట్టాడు.

డ్రైవర్ కళ్లు మూసుకుని మొత్తం విని, నా వైపు జాలిగా చూశాడు.

"జర ఇంకా సాగాలె సార్."