హమాలీ క్లబ్బు గోల్‌కీపర్

ఆట ఉన్న ప్రతి ఆదివారం గ్రౌండు గేటు దగ్గర ప్రభుదాస్‌ను ఆపేస్తారు. ఆపేది పెద్దులు. ఒకప్పుడు అతనితో ఒకే ముఠాలో పసుపు బస్తాలు మోసినవాడే. నడుం పట్టేశాక క్లబ్బువాళ్లు గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"అన్నా, నన్ను తిట్టకు. నీకు తెల్వంది ఏముంది? నిన్ను లోపలికి తోలితే నా కుర్సీ పీకుతరు," అంటాడు పెద్దులు.

"నిన్నెందుకు తిడుతరా? కూసో," అని ప్రభుదాస్ సైకిలు తిప్పుకుంటాడు.

ఆ గ్రౌండులో రాళ్లేరి చదును చేసినవాళ్లలో అతనొకడు. గోల్ స్తంభాలకు గుంతలు తవ్వింది అతనే. అయినా ఇన్నేళ్లలో గేటు దగ్గర ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. కోపం రాదా అని అడిగితే, "ఏమో, వస్తలేదు," అంటాడు. నిజంగానే రావడం లేదు. ఎక్కువ కాలం బరువు మోసిన భుజానికి తిమ్మిరెక్కితే చీమ కుట్టినా తెలియదు కదా, అట్లా ఉంటాడు మనిషి.

ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు సీజన్ ముగిశాక హమాలీలకు పని పలచబడుతుంది. తొంభైల చివర అట్లాంటి ఒక ఎండాకాలంలో ముఠా మేస్త్రి సాయన్న యార్డుకు ఒక ఫుట్‌బాల్ తెచ్చాడు. దుబాయి నుంచి వచ్చిన బామ్మర్ది ఇచ్చిన బంతి. లుంగీలు ఎగ్గట్టి మొదలుపెట్టిన ఆట రెండేళ్లలో జట్టయింది, జట్టుకు పేరు కావలసి వచ్చింది. పెద్దగా ఆలోచించలేదు. చేసే పనే పేరయింది: ఆర్మూర్ హమాలీ క్లబ్. ప్రభుదాస్ పొడుగు మనిషి, లారీ మీంచి జారే బస్తాను ఛాతీతో ఆపడం అలవాటున్నవాడు. గోల్‌కీపర్ ఎవరన్న ప్రశ్నే రాలేదు. వేల్పూర్ జట్టును ఓడించారు, పోచంపాడ్ ప్రాజెక్టు సిబ్బంది జట్టును ఓడించారు. జనం రావడం మొదలైంది.

జనం ఎక్కడుంటే అడ్తిదారు అక్కడుంటాడు. యార్డులో పెద్ద అడ్తి, అంటే రైతుల సరుకు అమ్మిపెట్టే కమీషన్ దుకాణం, నడిపే దయాకర్ క్లబ్బుకు అధ్యక్షుడై, కొన్ని పట్టణాల క్లబ్బులు కలిసి నడుపుకునే కోహినూర్ లీగ్‌లో చేర్పించాడు. హైదరాబాద్ నుంచి జీతాల మీద ఆటగాళ్లను తెచ్చాడు. ఒక్కొక్క హమాలీనే పక్కకు తప్పించాడు. ప్రభుదాస్ కన్నా మంచి కీపర్ దొరక్క అతన్ని మాత్రం ఉంచాడు. పేరును కూడా ఉంచాడు, ఎందుకంటే జనం వచ్చేది ఆ పేరు కోసమే. చొక్కాలన్నిటి మీదా హమాలీ అని ఉండేది, తొడుక్కున్నవాళ్లలో హమాలీ ఒక్కడే.

రెండు వేల మూడు ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో సెమీ ఫైనల్. వ్యాపారులు రెండు లారీలు కట్టించి ఆర్మూర్, వేల్పూర్, ఏర్గట్ల జనాన్ని తీసుకుపోయారు. హమాలీలు పోలేదు. యార్డు నిండా పసుపు కుప్పలున్నాయి, బస్తా వదిలి కదిలే రోజులు కావవి.

సగం ఆటకు చెరో గోలు కూడా లేదు. విశ్రాంతి గదిలోకి దయాకర్ వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"ఇయ్యాల గెల్సుడు వద్దు. ఎదుటి క్లబ్బోళ్లకు ఐదు గోల్లు కావాలె, ఇయ్యిండ్రి. వచ్చే యేడు పెద్ద డివిజన్ల మనకు సీటు ఇప్పిచ్చేది వాళ్లే. సమజైందా?"

జీతం ఆటగాళ్లు తలలు వంచుకుని బూట్ల తాళ్లు కట్టుకున్నారు. ప్రభుదాస్ ఒక్కడే నోరు తెరిచాడు. "నాతోని గాదు సేట్. బంతి మీదికొస్తుంటె నా చేతులు ఆగయి."

"నువ్వు దుంకు తియ్ నాయినా, ఎవలొద్దన్నరు? నీ ముంగటోళ్లు జరిగితె సాలు," అని దయాకర్ నవ్వాడు.

వాళ్లు జరిగారు. ఎదుటివాడు బంతితో వస్తుంటే పెళ్లిలో భోజనాల దగ్గర దారి ఇచ్చినట్టు ఇచ్చారు. ప్రభుదాస్ దూకాడు, పడ్డాడు, మోచేతుల తోలు లేచిపోయింది. ఎన్నో ఆపాడు. ఐదు పోయాయి. లారీల్లో వచ్చిన జనం ముందు అరిచారు, తర్వాత తిట్టారు, చివరికి ఏం జరుగుతోందో అర్థమై చప్పుడు చేయకుండా కూర్చున్నారు.

మరో క్లబ్బు ఫిర్యాదు చేస్తే లీగ్ విచారణ పెట్టింది. గదిలో ముగ్గురు పెద్దమనుషులు, ఎదురుగా బెంచీల మీద దయాకర్, ఆటగాళ్లు. "ఐదు గోల్స్ ఎట్లా పోయినయ్? తప్పెవరిది?" అని అడిగారు. 

ప్రభుదాస్ లేచి నిలబడ్డాడు. "తప్పయింది సార్," అన్నాడు.

ఎందుకన్నాడో తెలియాలంటే యార్డు సంగతి తెలియాలి. బస్తా పగిలి పసుపు నేలపాలైతే అడ్తిదారు "ఎవడ్రా?" అని లేస్తాడు. దగ్గరున్నవాడు "తప్పయింది సేట్" అంటాడు. పగలగొట్టింది అతనే కానక్కర్లేదు. అతని నోట్లోంచి ఆ మాట వచ్చీరాగానే ముఠా అంతా బరువులు దించి వచ్చి అతని పక్కన నిలబడుతుంది. ఇక నష్టం అందరిదీ. ఎవరు జారవిడిచారని హమాలీల్లో ఎవరూ ఎవర్నీ అడగరు. పదిహేనేళ్లుగా ప్రభుదాస్‌కు తెలిసిన జవాబు అదొక్కటే.

అతను వెనక్కి చూశాడు. ఆటలో పక్కకు జరిగి దారి ఇచ్చిన లెఫ్ట్ బ్యాక్ గోరు కొరుక్కుంటున్నాడు. దయాకర్ చేతి గడియారం సరిచేసుకుంటున్నాడు. బెంచీ మీంచి ఒక్కరూ లేవలేదు.

"అంటే ఒప్పుకుంటున్నట్టేనా?" అన్నాడు విచారించే పెద్దమనిషి.

"ఆఁ సార్," అన్నాడు ప్రభుదాస్. ఒకసారి అన్న మాటను వెనక్కి తీసుకోవడం అతనికి రాదు.

క్లబ్బును ఒక్క ఏడు ఆడనివ్వలేదు. ప్రభుదాస్ మీద జీవితకాల నిషేధం వేశారు. ఆడకూడదు, నేర్పకూడదు, లీగ్ ఆటలు జరిగే గ్రౌండులో అడుగు పెట్టకూడదు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య ఆశమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. సంగతంతా విని కత్తెర కింద పెట్టింది.

"తప్పు నువ్వు జేసినవా?"

"లేదు."

"మరి ఎందుకన్నవయ్యా?"

"అంటె అందరు లేస్తరనుకున్న."

"ఎవలు లేస్తరు? గా జీతగాళ్లా? నీ ముఠా ఉన్నదా ఆడ? సాయన్న ఉన్నడా? ఓరి నా పిచ్చి దేవుడా, షావుకారి పక్కన నిలవడి హమాలి మాట మాట్లాడితివి గదయ్యా!"

అతను అన్నం పెట్టమన్నాడు. తిన్నాడు. తెల్లారి యార్డుకు పోయాడు. గుమాస్తాలు 'ఐదు గోల్ల ప్రభు' అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరుతో పిలిచినా పలికాడు. కూతురు స్వర్ణ ఒక్కర్తే అప్పుడప్పుడు, "నాయినా, జర నవ్వరాదు," అంటుంది. పిల్ల అడిగింది కదా అని నవ్వుతాడు.

రెండు వేల ఆరులో క్లబ్బు పేరు మార్చారు. హమాలీ అన్న మాటకు మచ్చ అంటుకుందట, స్పాన్సర్లు రావడం లేదట. కొత్త పేరు ఆర్మూర్ గోల్డెన్ స్టార్స్. మచ్చ తెచ్చింది అడ్తిదారు బేరం. తీసి పారేసింది కష్టజీవుల పేరును. ఈ మాట ఊళ్లో ఎవరూ పైకి అనలేదు, పత్రికలు కూడా కొత్త చొక్కాల ఫొటోలు వేసి ఊరుకున్నాయి.

అంతకుముందు దయాకర్ అతనికి ఒక మాట ఇచ్చి ఉన్నాడు: కొత్త పేరు రానీ, లీగ్‌కు రాసి నీ మీద నిషేధం తీయిస్తా అని. ఆ ఏడే సాయన్న యార్డు కుర్రాళ్లతో మళ్లీ జట్టు కట్టాడు. నేర్పడానికి ప్రభుదాస్ కావాలి. నిషేధం ఉన్న మనిషి తోడుంటే లీగ్ ఆ జట్టును గడప తొక్కనివ్వదు. అందుకని ఆశమ్మ పోరి పోరి అతన్ని పేరు పెట్టే సభకు పంపింది. ఫంక్షన్ హాల్లో దయాకర్ మైకు పట్టుకుని, "పాత క్లబ్బుతోని మాకు ఏ సంబంధం లేదు," అని చెప్పి దిగుతుండగా ప్రభుదాస్ ఎదురుపోయాడు.

"సేట్, నా సంగతి?"

"ఏం సంగతి?"

"నిషేధం తీపిస్తనంటివి."

"అది పాత క్లబ్బు కేసు ప్రభుదాస్. గా క్లబ్బే లేదిప్పుడు. లేనిదాని గురించి నేనేం రాయాలె?"

"క్లబ్బు లేకుంటె, దాని మీదికెంచి పడ్డ శిక్ష నాకెట్ల ఉన్నది సేట్?"

వెనక నుంచి ఎవడో, "నువ్వు గూడ పేరు మార్చుకో ఐదు గోల్లన్నా! సిల్వర్ స్టార్ అని పెట్టుకో!" అని అరిచాడు. హాలంతా నవ్వింది. అందరూ నవ్వుతున్నారని ప్రభుదాస్ కూడా నవ్వి, బయటికొచ్చి, సైకిలు తాళం తీసుకున్నాడు.

ఈ సంగతి తెలిసి సాయన్న ఊరుకోలేదు. అతన్ని వెంటబెట్టుకుని హైదరాబాద్‌లో లీగ్ కార్యదర్శి దగ్గరికి పోయాడు. ఆయన కొత్తగా వచ్చినవాడు, ఓపికగా విన్నాడు. ఆనాటి ఆట కళ్లారా చూసినవాళ్లెవరైనా చూసింది చూసినట్టు చెబితే కేసు తిరగదోడతామన్నాడు. వచ్చే ఫిబ్రవరి రెండో సోమవారం విచారణ పెట్టాడు. తిరుగు బస్సులో సాయన్న ఎగిరి గంతేసినంత పని చేశాడు. ప్రభుదాస్ కిటికీ వైపు తిరిగి, "చూసినోళ్లు ఎవలొస్తరు తియ్ అన్నా," అని కళ్లు మూసుకున్నాడు.

హమాలీలు ఆరోజు అక్కడ లేరు, వాళ్ల సాక్ష్యం చెల్లదు. చూసింది మీరు. ఆ రెండు లారీల్లో పోయినవాళ్లు ఇప్పటికీ ఇక్కడే ఉన్నారు. దుకాణాలు నడుపుతున్నారు, బడుల్లో పాఠాలు చెబుతున్నారు, ఈ పత్రిక చదువుతున్నారు. ముందున్నవాళ్లు దారి ఇవ్వడం, వెనక ఒక్క మనిషి నేల మీద పడి లేవడం మీరు చూశారు. దయాకర్‌కు భయపడి కొందరు, మనకెందుకని కొందరు నాలుగేళ్లు నోరు మూసుకున్నారు. ఇక చాలు. మీకు గుర్తున్నదంతా మీ మాటల్లోనే రాసి, సంతకం పెట్టి, మార్కెట్ యార్డులో హమాలీల షెడ్డు దగ్గర సాయన్నకు ఇవ్వండి. రాయడం రానివాళ్లు చెబితే అక్కడ రాసుకుంటారు. రాగలిగినవాళ్లు ఆ సోమవారం పొద్దున మొదటి బస్సుకు ఆర్మూర్ బస్టాండుకు రండి, విచారణ గదిలో మీరు చూసింది మీ నోటితో చెప్పండి.